ఛాతీ మీద కిలో బరువు: అలాస్కా అడవికి పిస్టల్ కొనుక్కున్న నా అనుభవం

బేర్ స్ప్రే, అంటే మీదికొచ్చే ఎలుగుని తరమడానికి కొట్టే డబ్బా, బ్యాగులోనే ఉంది. బ్యాగు అడుగున, వానకోటు మడతల్లో, పులిహోర డబ్బా కింద. 2023 జూలైలో అలాస్కాలోని కీనై ద్వీపకల్పంలో ఒక వాగు ఒడ్డున నిలబడి నేను ఈ సంగతి గుర్తు చేసుకునే సమయానికి అవతలి ఒడ్డున ఒక తల్లి ఎలుగు, దాని వెనక రెండు కూనలు ఉన్నాయి. మధ్యలో మోకాలి లోతు నీళ్లు, మహా అయితే పాతిక అడుగుల వెడల్పు. తల్లి రెండు కాళ్ల మీద లేచి మమ్మల్ని చూసింది. గాలి వాసన పట్టింది. కూనల్ని వెంటేసుకుని పొదల్లోకి పోయింది. అంతా కలిపి అర నిమిషం. మా ఆయన నా వెనక నిలబడి నా బ్యాగు జిప్పు లాగుతున్నారు. అవి వెళ్లిపోయాక కూడా లాగుతూనే ఉన్నారు.

ఆంకరేజ్‌కి తిరిగొచ్చేటప్పుడు కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ నేనన్న మొదటి మాట, "తుపాకి కొందాం."

ఎలుగంటే నాకు కొత్త కాదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటల్లోకి ఎలుగులు రావడం, తెల్లవారుజామున తోటకెళ్లిన మనిషి మీద పడడం, ఇలాంటి కథ మా వైపు ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. జీడిపిక్కలు ఏరడానికి తాత నన్ను వెంట తీసుకెళ్లేటప్పుడు ఆయన చేతిలో కర్ర, నోట్లో కేక. నేను ఊరికే నడుస్తుంటే ఊరుకునేవాడు కాదు. "ఏటే గుంటా, నోరు కుట్టీసినట్టు నడుస్తన్నావు? ఏటో ఒకటి వాగు" అనేవాడు. మా ఎలుగు మామూలుగా నూటనలభై కిలోల లోపే. ఇక్కడి తీరప్రాంతంలో మగ బ్రౌన్ బేర్ నాలుగు వందల కిలోలు తూగడం వింతేమీ కాదు. కర్ర, కేక సరిపోవనిపించింది. నిజానికి సరిపోని వస్తువు కేక కాదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ముందు నేను తుపాకి కొనొచ్చో లేదో చూసుకోవాలి. మనవాళ్లలో చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకి కొనడమే కాదు, తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మామూలు మనిషికి పనికొచ్చేది గడువులో ఉన్న వేట లైసెన్సు. అది లేకుండా వీకెండ్‌లో స్నేహితులతో సరదాగా రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకి పేల్చినా చిక్కే. తుపాకి నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. ఫేస్‌బుక్‌లో తుపాకి పట్టుకుని ఫొటోలు పెట్టే కుర్రాళ్లని చూసినప్పుడల్లా నాకు కంగారుగా ఉంటుంది. నేను 2008లో హెచ్1బి మీద ఫార్మసిస్టుగా వచ్చాను. 2018లో మా ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. కాబట్టి ఆ అడ్డు లేదు.

అలాస్కాలో ఇక వేరే అడ్డులు కూడా లేవు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, చట్టం ప్రకారం అనర్హులు కాకపోతే పర్మిట్ అక్కర్లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు. 2003 నుంచి పిస్టల్‌ని చొక్కా కింద దాచుకుని తిరగడానికి కూడా లైసెన్సు అక్కర్లేదు. కాకపోతే పోలీసు ఆపితే, నా దగ్గర తుపాకి ఉందని మనమే వెంటనే చెప్పాలి. పందుల కోసం నాటు తుపాకి దాచుకున్న మనిషిని జీపెక్కించి తీసుకెళ్లడం చూసి పెరిగినదాన్ని. ఇంత సులువా అని కొంచెం భయం కూడా వేసింది.

మా ఆయనకి అసలు ఇష్టం లేదు. "ఎనిమిదేళ్ల పిల్లాడున్న ఇంట్లో తుపాకి ఏంటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ మాట నిజం. వారం రోజులు నడిచింది ఈ వాదన. చివరికి ఒప్పందం ఏంటంటే, ముందు స్టీలు పెట్టె, తర్వాతే తుపాకి. పెట్టెని బీరువా అడుగున బోల్టులతో బిగించాం. వేలిముద్రతో తెరుచుకునేవి చూశాను గానీ చేతులు తడిగా ఉంటే వాటికి నమ్మకం తక్కువనిపించి, అంకెల కోడ్ ఉన్నది తీసుకున్నాను. తూటాలు వేరే గదిలో, వేరే తాళం కింద.

పెట్టె వచ్చింది కదా అని ఒక శనివారం దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనక తెల్లగడ్డం పెద్దాయన. "ఎలుగు కోసం" అనగానే ఇంకేమీ అడక్కుండా అద్దాల కింద నుంచి రూగర్ సూపర్ రెడ్‌హాక్ అలాస్కన్ తీసి నా చేతిలో పెట్టాడు. రెండున్నర అంగుళాల బ్యారెల్, .454 కాసుల్ తూటా, ఆరు గుండ్లు. చిన్న ఫిరంగిలా ఉంది. చేతిలో పెట్టగానే మణికట్టు కిందకి వాలింది. పక్కన నిలబడ్డ కస్టమర్ ఎవరో "అదే కరెక్ట్" అన్నాడు. ఇక్కడ తుపాకుల దుకాణంలో అందరికీ సలహా చెప్పే హక్కు ఉంటుంది, మన దగ్గర జలుబుకి మందు చెప్పినట్టు.

అదృష్టం ఏంటంటే ఆ రోజు ఏదీ కొనలేదు. మా ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు, పేల్చకుండా కొనొద్దని చెప్పి, తనకి నేర్పిన టీచర్ దగ్గరికి పంపింది. అరవై దాటిన ఆవిడ. నా కంటే పొట్టి. మొదటి గంట తుపాకి ముట్టుకోనివ్వలేదు. గుళ్లు ఉన్నా లేకపోయినా ఉన్నట్టే చూడాలి, పేల్చదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి, గురి వెనక ఏముందో తెలియాలి. ఇవే మళ్లీ మళ్లీ. తర్వాత చిన్న తూటా పేల్చే .22 పిస్టల్‌తో మొదలుపెట్టించింది.

రెండో వారం బాగా పెద్ద తూటా పేల్చే .44 మాగ్నం రివాల్వర్ అద్దెకి తీసుకున్నాం, స్మిత్ అండ్ వెసన్ 629. మొదటి గుండుకి గొట్టం నా నుదుటి ఎత్తుకి లేచింది. చెవులకి డబుల్ రక్షణ ఉన్నా ఆ చప్పుడు పక్కటెముకల్లో తెలిసింది. ఆరింట్లో ఒకటే కాగితానికి తగిలింది. అప్పుడావిడ ఒక పని చేసింది. నాకు కనబడకుండా ఆరు గదుల్లో మూడింట్లో ఉత్తుత్తి గుళ్లు పెట్టి చేతికిచ్చింది. ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు. కానీ నా చేతులు మాత్రం గొట్టాన్ని బెత్తెడు కిందకి తోసేశాయి. రాబోయే దెబ్బకి భయపడి శరీరం ముందే ముడుచుకుపోతోంది. "ఎలుగు ఎదురుగా లేకుండానే ఇలా చేస్తున్నారు" అందావిడ.

తర్వాత మూడు వారాలు దొరికినవన్నీ పేల్చి చూశాను. .357 రివాల్వర్ బాగానే ఉంది గానీ రెండో గుండు వేసేసరికి ఆలస్యం. 9ఎంఎం నా చేతికి పిల్లల ఆటలా కుదిరింది. దాంతో ఎలుగుని ఆపొచ్చా అంటే, 2016లో అలాస్కాలోనే ఒక వేట గైడ్ మీదికొస్తున్న బ్రౌన్ బేర్‌ని 9ఎంఎంతోనే చంపాడు. కానీ ఆయన జీవితమంతా ఎలుగుల మధ్య గడిపిన మనిషి. నేను మందు సీసాలకి లేబుళ్లు అంటించే మనిషిని.

చివరికి ఆగింది 10ఎంఎం దగ్గర. దీని కథ తమాషాగా ఉంటుంది. 1983లో వచ్చిన ఈ తూటాని ఎఫ్‌బిఐ ఇష్టపడింది, తీరా చూస్తే వాళ్ల ఏజెంట్లలో చాలామందికి ఆ వెనక్కి తన్నడం తట్టుకోవడం కష్టమైంది. అందుకని దీన్నే పొట్టి చేసి 1990లో .40 అని ఇంకోటి తెచ్చారు. 10ఎంఎం మరుగున పడిపోయేదే, అడవుల్లో తిరిగేవాళ్లు బతికించారు. గ్రీన్‌ల్యాండ్‌లో కుక్కల బండ్ల మీద గస్తీ తిరిగే డెన్మార్క్ సిరియస్ దళం ధ్రువపు ఎలుగుల కోసం మోసేది 10ఎంఎం గ్లాక్ 20నే. నేనూ అదే కొనాలనుకున్నాను, కానీ దాని పిడి నా అరచేతికి లావు. బొటనవేలు పక్కకి జరిగితే గానీ ట్రిగ్గర్ అందడం లేదు. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పి 10ఎంఎం పట్టుకుంటే సరిపోయింది. పిడి వెనక మార్చుకునే ముక్కలు వస్తాయి, అన్నిటికంటే చిన్నది బిగిస్తే చెయ్యి చుట్టూ తిరిగింది. నాలుగంగుళాల బ్యారెల్, పదిహేను గుళ్లు, బొటనవేలితో వేసే సేఫ్టీ ఉన్న మోడల్.

రివాల్వరే కొనమనేవాళ్లు చెప్పేది కూడా అబద్ధం కాదు. ఎలుగు మీద పడిపోయి, గొట్టం దాని ఒంటికి ఆనించి కాల్చాల్సి వస్తే రివాల్వర్ పేలుతుంది. పిస్టల్‌కి పైన ఉండే స్లైడ్ కాస్త వెనక్కి నొక్కుకుపోతే పేలకపోవచ్చు. పిస్టల్‌ని మణికట్టు వదులుగా పెట్టి కాలిస్తే మధ్యలో ఇరుక్కుంటుంది కూడా. ఇవన్నీ తెలిసే తీసుకున్నాను. తగలని .44 కన్నా తగిలే 10ఎంఎం నయం. ఇది నా చేతుల సంగతి. మీ చేతులు వేరేగా ఉండొచ్చు.

తూటాల విషయంలో ఒక ముక్క. మనుషుల నుంచి ఆత్మరక్షణకి అమ్మే తూటాలు ఒంట్లోకి వెళ్లి విచ్చుకుంటాయి. ఎలుగుకి అది పనికిరాదు. చర్మం, కొవ్వు, భుజం కండ, ఎముక అన్నీ దాటి లోపలికి పోవాలి. అందుకని గట్టిపరిచిన సీసంతో, ముక్కు చదునుగా ఉండే 220 గ్రెయిన్ల బరువుండే హార్డ్‌కాస్ట్ వాడతారు. ఒక్కోటి డాలరు పైనే. ప్రాక్టీసుకి చవకవి వాడినా, ఈ ఖరీదైనవి కూడా కనీసం రెండు మ్యాగజైన్లు (పిడిలో దూర్చే గుళ్ల డబ్బాలు) పేల్చి, ఇరుక్కోకుండా వెళ్తున్నాయని చూసుకోమని టీచర్ చెప్పింది. చూసుకున్నాను. డబ్బు పేలుతుంటే కొంచెం బాధేసింది.

కొనేరోజు ఫారం 4473 నింపాలి. పేరు, ఎత్తు, బరువు, పుట్టిన దేశం, ఏ దేశ పౌరులు, గ్రీన్ కార్డు మీద ఉండే ఏలియన్ నంబరు. ఆ తర్వాత అవును, కాదు ప్రశ్నలు. గంజాయి ప్రశ్న దగ్గర, మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో నేరమేనని హెచ్చరిక ఉంటుంది. అలాస్కాలో వీధి మలుపులో గంజాయి దుకాణం ఉంటుంది కాబట్టి జనం ఇక్కడ పప్పులో కాలేస్తారట. ఫారం నింపాక డీలర్ ఎఫ్‌బిఐ నడిపే తనిఖీ వ్యవస్థకి వివరాలు పంపుతాడు. మూడే జవాబులు: ఇవ్వొచ్చు, ఆగండి, ఇవ్వొద్దు. నా ముందున్న కుర్రాడికి ఐదు నిమిషాల్లో "ఇవ్వొచ్చు" వచ్చేసింది. నాకు "ఆగండి".

ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. ఏ తప్పూ చేయకపోయినా, ఏళ్ల తరబడి వీసా క్యూల్లో నిలబడ్డ మనిషికి "ఆగండి" అన్న మాట వింటే కడుపులో తిప్పుతుంది. మూడు పనిదినాల్లోపు ఇవ్వొద్దని జవాబు రాకపోతే, ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ తుపాకి ఇవ్వొచ్చు, ఇవ్వాలని మాత్రం లేదు. నాకు మర్నాడు మధ్యాహ్నమే సరేనని ఫోనొచ్చింది. ఆంకరేజ్‌లో సేల్స్ టాక్స్ లేదు కాబట్టి చీటీ మీద ఉన్న ధరే కట్టి తెచ్చుకున్నాను.

ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? నడుముకి పెట్టుకుంటే బ్యాగు నడుం పట్టీ అడ్డం. బ్యాగులో పెట్టుకుంటే నా పులిహోర డబ్బా కథే మళ్లీ. అందుకే అలాస్కాలో చేపలు పట్టేవాళ్లు, గైడ్లు ఛాతీ మీద కట్టుకుంటారు. వసిల్లాలో చేతితో కుట్టే డైమండ్ డి తోలు హోల్‌స్టర్ (తుపాకి పెట్టుకునే ఒర) తీసుకున్నాను. ఆడవాళ్లకి ఇది ఒక పట్టాన కుదరదు. పట్టీలు బిగించి ఛాతీ కిందకి, పొట్ట పైకి వచ్చేలా సర్దుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. గుళ్లు నింపితే పిస్టల్ దాదాపు కిలో పైచిలుకు. మొదటి రోజు ఆ బరువు వేసుకుని గిన్నెలు తోముకున్నాను, అలవాటు కోసం. గుళ్లు తీసేసే, భయపడకండి.

రేంజ్‌లో టీచర్ టైమర్ పెట్టింది. ఛాతీ మీద నుంచి తీసి, ఏడు మీటర్ల దూరంలో ఉన్న కాగితం ప్లేటులో మూడు గుళ్లు. మొదటిసారి నాలుగున్నర సెకన్లు, ప్లేటులో ఒకటే గుండు. మూడు నెలలు వారానికోసారి వెళ్లాక రెండు పాయింట్ ఆరు సెకన్లు, మూడూ ప్లేటులోనే. ఇంటికొచ్చి గర్వంగా చెప్పాను. మా ఆయన ఇంజనీరు. కాగితం మీద ఏదో లెక్కేశారు. ఎలుగు గంటకి యాభై ఆరు కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుందట, అంటే సెకనుకి పదిహేను మీటర్ల పైన. "రెండు పాయింట్ ఆరు సెకన్లలో నలభై మీటర్లు వచ్చేస్తుంది. నిన్న వాగు దగ్గర మనకున్నది పాతిక అడుగులు" అన్నారు. వాగు దగ్గర జరిగి అప్పటికి ఎనిమిది నెలలైనా, ఆయనకది నిన్నే.

ఆ లెక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పుడు కూర్చుని అధ్యయనాలు చదివాను. ముందే చదవాల్సింది. ఎలుగుల మీద పరిశోధన చేసే టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో, వాళ్ల సహచరులు 1985 నుంచి 2006 దాకా అలాస్కాలో బేర్ స్ప్రే వాడిన 83 సంఘటనలు చూసి 2008లో రాశారు. బ్రౌన్ బేర్ల మీద వాడినప్పుడు 92 శాతం సందర్భాల్లో అది వెనక్కి తగ్గింది. 2012లో తుపాకుల మీద ఇంకోటి రాశారు, 269 సంఘటనలు. దగ్గర్నుంచి ఎదురుపడినప్పుడు తుపాకి ఉన్నవాళ్లు దాన్ని వాడినా వాడకపోయినా గాయాల్లో పెద్ద తేడా కనబడలేదన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి స్ప్రే గొప్పా తుపాకి గొప్పా అని కొట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నాకు తెలిసి ఆ పోలిక సరైంది కాదు. స్ప్రే వాడిన చాలా సందర్భాల్లో ఎలుగు ఊరికే ఆరా తీస్తోంది, దాడి చేయడం లేదు. కానీ ఒక మాట మాత్రం నాకు అర్థమైంది. పొగమబ్బులా విరజిమ్మేదానికి అంత గురి అక్కర్లేదు.

పైగా అది మన మిరపకాయే. కారం పుట్టించే కాప్సైసిన్ లాంటి పదార్థాలు ఒకటి నుంచి రెండు శాతం ఉంటాయి, పది మీటర్ల దాకా కొడుతుంది, ఏడెనిమిది సెకన్లలో డబ్బా ఖాళీ. ప్రాక్టీసు కోసం కారం లేని డబ్బాలు కూడా అమ్ముతారు. ఒకటి తెచ్చి, బెల్టుకి కట్టుకుని, తీసి, క్లిప్పు లాగి కొట్టడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. ఒకటిన్నర సెకను. మూడు నెలల శిక్షణ లేకుండానే!

ఇంకో సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. అలాస్కాలో ప్రాణరక్షణ కోసం ఎలుగుని చంపితే నేరం కాదు, కానీ అక్కడితో అయిపోదు. దాని చర్మం గోళ్లతో సహా ఒలిచి, తల పుర్రె తీసి ప్రభుత్వానికి అప్పగించాలి, రిపోర్టు రాసివ్వాలి. నేను కోడిని కూడా ఎప్పుడూ కోయలేదు. చేతులు వణుకుతున్న మనిషి, చీకట్లో, మూడు వందల కిలోల జంతువు పక్కన మోకాళ్ల మీద కూర్చుని చర్మం ఒలవడం! అప్పుడు దాని కూనలు ఎక్కడుంటాయి?

తుపాకి అమ్మేయలేదు. కానీ దాని స్థానం మారింది. కుడిచేతికి ముందు అందేది స్ప్రే, అది బెల్టుకి. పిస్టల్ దాని తర్వాత.

ఈ గొడవలో మిగతా సామాను సంగతే మర్చిపోయాను. దాన్ని గుర్తు చేసింది ఒక చిన్న విమానం పైలట్, మా ఫార్మసీకి వచ్చే పేషెంటు. ఒంటి మీదున్నదే ప్రాణం కాపాడే సామాను, బ్యాగులో ఉన్నది క్యాంపింగ్ సామాను అని ఇక్కడి పైలట్లు అంటుంటారు. అలాస్కాలో విమానం నడిపేవాళ్లు ఏమేం వెంట ఉంచుకోవాలో చట్టంలోనే ఉందని ఆయనే చెప్పాడు. వెళ్లి చదివాను. అప్పటికి ఆ జాబితాలో ఉన్నవి ఇవి. ఒక్కొక్కరికి వారం రోజుల తిండి, గొడ్డలి, ప్రథమ చికిత్స పెట్టె, గాలాలు, కత్తి, నిప్పు రాజేసే సాధనం, దోమల వల తలకి ఒక్కొక్కరికి ఒకటి, సంకేతం ఇచ్చే పొగబాంబుల్లాంటివి రెండు. శీతాకాలంలో మంచు బూట్లు, స్లీపింగ్ బ్యాగు కూడా. ఒకప్పుడు ఈ జాబితాలో తుపాకి తప్పనిసరిగా ఉండేది. తర్వాత తీసేశారు. దోమల వల మాత్రం నేను చదివేనాటికీ అలాగే ఉంది. అలాస్కా దోమల్ని చూసినవాళ్లు ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ జాబితా పట్టుకుని మాకు కావలసినవి సర్దాను. గొడ్డలి బదులు మడత రంపం తీసుకున్నాను. అలసిపోయిన మనిషి చేతిలో గొడ్డలి జారితే కాలు పోతుంది. రెండు లైటర్లు వేరువేరు జేబుల్లో, వాజలీన్ రాసిన దూది ఉండలు చిన్న డబ్బాలో. వానలో నిప్పు రాజేయడం మా పెరట్లో నేర్చుకున్నాను. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, అదీ పొగే ఎక్కువ. స్ప్రూస్ చెట్టు కింది భాగంలో చచ్చిపోయి వేలాడే సన్నటి పుల్లలు వానలో కూడా లోపల పొడిగా ఉంటాయనీ, బర్చ్ బెరడు తడిగా ఉన్నా అంటుకుంటుందనీ తెలిశాక పది నిమిషాలకి దిగింది. గార్మిన్ ఇన్‌రీచ్ కొన్నాం. సెల్ సిగ్నల్ లేని చోట ఇరిడియం ఉపగ్రహాల మీదుగా మెసేజ్ పంపుతుంది, ఎస్ఓఎస్ నొక్కితే సహాయం కోసం కబురు వెళ్తుంది. నెలనెలా చందా కట్టాలి. పిస్టల్ తర్వాత అన్నిటికంటే ఖరీదైంది ఇదే, ఒకటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది కూడా ఇదే. కాటన్ బట్టలన్నీ తీసేసి ఊలు వేసుకున్నాం. ఎందుకంటే తడిసిన కాటన్ ఒంట్లో వేడి లాగేస్తుంది, వేసవిలో కూడా ఇక్కడ చలికి మనుషులు పోతారు.

తిండి దగ్గర పెద్ద యుద్ధం. ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోనే తిండంతా పెట్టాలి, వాసన వచ్చే టూత్‌పేస్టుతో సహా. ఆవకాయ సీసా బయటే ఆగిపోయింది. మా ఆయన మొహం చూడలేకపోయాను. పులిహోర మాత్రం మొదటి రోజు మధ్యాహ్నం తినేసేలా ఒప్పుకున్నాను.

2024 ఆగస్టులో రిసరెక్షన్ పాస్ ట్రెయిల్‌కి వెళ్లాం. హోప్ ఊరి దగ్గర మొదలై కూపర్ ల్యాండింగ్ దగ్గర తేలుతుంది, అరవై కిలోమీటర్లు. దారిలో అటవీ శాఖ క్యాబిన్లు ముందే బుక్ చేసుకుంటే నాలుగు రోజుల్లో హాయిగా నడవొచ్చు. పిల్లాణ్ణి స్నేహితుల ఇంట్లో వదిలాం. మా ఆయనకి బెల్టు మీద స్ప్రే డబ్బా పొట్టకి గుచ్చుకుంటోందని దాన్ని బ్యాగు పక్క జేబులో పెట్టుకున్నారు. చెయ్యి వెనక్కి తిప్పినా అందదు. "నీ దగ్గర రెండున్నాయిగా" అన్నారు. తప్పని చెప్పాను. విన్లేదు.

దారంతా మాట్లాడుకుంటూ నడిచాం. పొదలు దట్టంగా ఉన్నచోట, వాగు చప్పుడు ఎక్కువ ఉన్నచోట గట్టిగా కేకలు. గంటలు కట్టుకుంటారు కొందరు, వాటి శబ్దం ఎంతో దూరం పోదు. మనిషి గొంతే నయమని ఇక్కడా చెప్తారు. నేను ఊళ్లో పాడుకునే నాట్ల పాటలు పాడాను. ఎలుగు మలం, బెర్రీ గింజలతో నిండింది, తాజాగా, రెండుసార్లు కనబడింది. ఎలుగు కనబడలేదు.

మమ్మల్ని ఆపింది మూస్, జింక జాతిలో భారీ జంతువు. రెండో రోజు సాయంత్రం, వానలో, దారికి అడ్డంగా దూడతో నిలబడింది. చెవులు వెనక్కి వాల్చింది, మెడ మీద జుట్టు లేచింది. అలాస్కాలో ఎలుగుల కంటే మూస్‌ల చేతిలోనే ఎక్కువమంది దెబ్బలు తింటారు. మూస్ తరిమితే ఎలుగు విషయంలోలా నిలబడకూడదు, చెట్టు చాటుకి పరిగెత్తాలి. మేం నెమ్మదిగా వెనక్కి నడిచి, చెట్ల వెనక ముప్పావుగంట నిలబడ్డాం. ఆ ముప్పావుగంటలో మా ఆయన వణకడం మొదలుపెట్టారు. వానకోటు లోపల చెమటకి తడిసిపోయారు. మాటలు తడబడుతున్నాయి. నాకు ఎలుగు కంటే అది చూసి భయమేసింది. పొడి ఊలు చొక్కా మార్పించి, టోపీ పెట్టి, చెట్టు కిందే నిప్పు రాజేశాను. ఎనిమిది నిమిషాలు. వేడినీళ్లలో పంచదార వేసి తాగించాను. ఛాతీ మీద పిస్టల్ మంట దగ్గర వంగడానికి అడ్డం వస్తుంటే విప్పి పక్కన పెట్టబోయి, మళ్లీ వద్దనుకుని అలాగే వంకరగా కూర్చున్నాను. క్యాబిన్ చేరేసరికి రాత్రి పదకొండు.

ఇంటికొచ్చాక పిస్టల్ విప్పి తుడుస్తుంటే స్లైడ్ సందుల్లో స్ప్రూస్ ఆకులు, చిన్న తుప్పు చుక్క. తోలు తడి ఆరడానికి మూడు రోజులు పట్టింది. వీడియో కాల్‌లో అమ్మ బల్ల మీదున్నది చూసి, "ఎలుగు కనబడిందా?" అంది. లేదన్నాను. "మరి అంత బరువు మోసుకెళ్లావేటి?" అంది.

వాగు దగ్గర బ్యాగు అడుగున ఉండిపోయిన పాత స్ప్రే డబ్బా 2020లో కొన్నది, సెప్టెంబరుకి దాని గడువు తీరింది. ఊరి బయట ఖాళీ కంకర గుంతలో దాన్ని కొట్టి చూద్దామని ముగ్గురం వెళ్లాం. పిల్లాణ్ణి కారులోనే కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించాం. గాలి మా వెనక నుంచి వీస్తోందని చూసుకున్నాకే నొక్కాను. నారింజ రంగు మబ్బు పది మీటర్లు దాకా వెళ్లింది, అక్కడ ఆగింది, గాలి తిరిగింది. ఆ తర్వాత పది నిమిషాలు మా ఇద్దరికీ ఏమీ కనబడలేదు. ఇంట్లో కేజీ ఎండుమిరపకాయలు ఒకేసారి పోపులో మాడితే ఎలా ఉంటుందో అలాగ. మా ఆయన కారు బంపరు పట్టుకుని దగ్గుతూ కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఆయన తన బ్యాగు పక్క జేబులోంచి స్ప్రే తీసి కొత్త బెల్టు క్లిప్పు బిగించారు. దాన్ని బల్ల మీద పెట్టేసి, కారం లేని ప్రాక్టీసు డబ్బా నడుముకి తగిలించుకుని హాల్లో అద్దం ముందు నిలబడ్డారు. పిల్లాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు.

"నాన్నా, రెండు సెకన్ల పది. మళ్లీ."